అప్‌డేట్: మొంబాసా నుంచి కేప్‌టౌన్ దాకా, కాగితాల ఖర్చు

ముంబై నుంచి మన కారుని ఓడలో మొంబాసా పంపి కేప్‌టౌన్ దాకా నడపాలని ఉంది, కార్నెట్ (కారు మళ్లీ బయటికి తీసుకెళ్తామన్న హామీ మీద కస్టమ్స్ సుంకం కట్టకుండా దేశాల్లోకి తీసుకెళ్లనిచ్చే పుస్తకం) డిపాజిట్ చూస్తే కళ్లు తిరుగుతున్నాయి, ఎలా తగ్గించాలి అని పోయినసారి అడిగా కదా. వెళ్లొచ్చాం.

కార్నెట్ దేశాల లిస్టులోంచి ఈజిప్టు వదిలేయమన్న అన్నకి దండం. గ్యారంటీ, అంటే ఆ డిపాజిట్, కారు విలువతో పాటు వెళ్లే దేశాల్ని బట్టి కూడా లెక్కకడతారు, ఈజిప్టు ఉంటే మోత మోగిపోతుంది.

ఇన్సూరెన్స్‌లో కలిసొచ్చింది కొమెసా ఎల్లో కార్డు, అంటే తూర్పు, దక్షిణ ఆఫ్రికాలోని పలు దేశాల్లో చెల్లే వాహన బీమా కార్డు. కెన్యాలో ఒక్కసారి తీసుకుంటే టాంజానియా, మలావి, జాంబియాల్లో కూడా థర్డ్ పార్టీకి అదే చాలు, ఇది తెలియక నేను టాంజానియా సరిహద్దులో ఒక ఏజెంట్ మాట నమ్మి విడిగా ఇంకోటి కొన్నా, దండగ. బోట్స్వానాలో మాత్రం ఈ కార్డు చెల్లదు, జాంబియా నుంచి బోట్స్వానాలోకి వెళ్లే కజుంగులా వంతెన దాటాక అక్కడే కట్టాలి. జాంబియాలో కార్బన్ ట్యాక్స్, రోడ్డు టోల్, కౌన్సిల్ లెవీ అన్నీ వేర్వేరు రసీదులు, ఓపిక ఉండాలి.

అసలు టెన్షన్ కార్నెట్ ముద్రలదే. టాంజానియా నుంచి బయటికొచ్చేటప్పుడు ఎగ్జిట్ ముద్ర వేయకుండానే పుస్తకం చేతిలో పెట్టారు, మా ఆవిడ పేజీ తిప్పి చూసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే డిపాజిట్ ఇరుక్కుపోయేది. బోట్స్వానా, నమీబియా, దక్షిణాఫ్రికా ఒకే కస్టమ్స్ యూనియన్, అక్కడ ప్రతి సరిహద్దులో కొత్త పేజీ అక్కర్లేదు.

కార్నెట్ వెనక్కి ఇచ్చేశాం, గ్యారంటీ విడుదల కోసం చూస్తున్నాం.