అప్‌డేట్: మోత ఆగింది, కన్వర్టర్ కుదిరింది

కడపలో మా ఇంట్లో ల్యాప్‌టాప్ నుంచి పాత డ్యాక్‌కు (డిజిటల్ పాటను స్పీకర్లకు పనికొచ్చే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) పాటలు పంపాలి, దానికి యూఎస్‌బీ లేదు, కోయాక్సియల్ (లోహపు వైరుది), ఆప్టికల్ (వెలుతురు కేబుల్‌ది) ఇన్‌పుట్‌లే ఉన్నాయి, యూఎస్‌బీని వాటికి మార్చే కన్వర్టర్ ఏది కొనాలని పోయిన నెల అడిగాను కదా. సలహా ఇచ్చిన అన్నలందరికీ థ్యాంక్స్.

అసింక్రనస్ రకమే తీసుకున్నాను. ఇందులో పాట డేటా ఏ వేగంతో వెళ్లాలో నడిపే క్లాక్ కన్వర్టర్‌దే, ల్యాప్‌టాప్‌ది కాదు. మొదట కోయాక్సియల్ వైరు పెట్టాను. చార్జర్ తగిలించగానే స్పీకర్లలో గుర్రుమని మోత, తీస్తే ఆగిపోయేది. కన్వర్టరే పాడైందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఆప్టికల్ కేబుల్ పెట్టాక నిశ్శబ్దం! అందులో వెళ్లేది వెలుతురే, కరెంటు కాదు కాబట్టి మోతకు కారణమైన గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్‌ల మధ్య వైరు గుండా తిరిగే కరెంటు) తెగిపోయింది.

నా పాటలన్నీ సీడీల నుంచి తీసినవే, 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ (అంటే ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచినవి). వీటికోసం 192 కిలోహెర్ట్జ్ మోడల్‌కు ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

నిన్న రాత్రి నాన్నతో కూర్చుని అన్నమయ్య కీర్తనలు విన్నాం. వెనక తంబూర శ్రుతి చివరిదాకా స్పష్టంగా వినిపించింది.