హెడ్‌ఫోన్లో గొంతు లేటుగా వస్తోంది, బఫర్ తగ్గించినా పోవడం లేదు

బైరాగిపట్టెడ కుర్రాడు:
సాయంత్రం నుంచి దీని ముందే కూర్చున్నాను, తెగడం లేదు. మా అక్క పాడుతుంటే హెడ్‌ఫోన్లో తన గొంతు తనకే లేటుగా వినిపిస్తోంది. "గోవిందా" అని నోరు మూశాక చెవిలో "గోవిందా" వస్తోంది. దానికోసం ఆగి ఆగి పాడుతోంది, తాళం జారిపోతోంది. చివరికి "నీ కంప్యూటరూ వద్దు, నీ రికార్డింగూ వద్దు" అని లేచిపోయింది. వీడియోల్లో చెప్పినవన్నీ చేశాను. బఫర్ (శబ్దాన్ని కంప్యూటర్ ఒక్కో విడతలో ఎంత పోగేసుకుంటుందో ఆ సైజు) తగ్గించాను, డ్రైవర్లు అప్‌డేట్ చేశాను, రీస్టార్ట్ చేశాను. కంప్యూటర్ మంచిదే, ర్యామ్ 16 జీబీ. మొన్నటిదాకా బాగానే ఉండేది. శనివారానికి పాట ఇచ్చేయాలి, టెన్షన్‌గా ఉంది. డిలే ఎట్లా తీసేయాలో చెప్పండి.

సున్నా డెసిబెల్:
ఏ సాఫ్ట్‌వేర్? ఏ మైకు? హెడ్‌ఫోన్ దేనికి గుచ్చారు? మాస్టర్ ట్రాక్ మీద, అంటే అన్ని ట్రాకులూ కలిసి బయటికొచ్చే చోట, ఏమున్నాయి?

పీలేరు బీట్స్:
సింపుల్ బ్రో. ఎఫెక్ట్స్‌లో డిలే ఆన్ అయి ఉంటుంది, ఆఫ్ చెయ్.

బైరాగిపట్టెడ కుర్రాడు:
ఆ డిలే కాదన్నా. ఎకో ఏమీ లేదు, గొంతు ఒక్కసారే వస్తోంది. కానీ లేటుగా వస్తోంది.

గ్రీమ్స్‌పేట బాసిస్ట్:
దాన్ని లేటెన్సీ అనండి. డిలే అంటే అందరూ ఎఫెక్ట్ అనే అనుకుంటారు.

పీలేరు బీట్స్:
మా దగ్గర అందరూ డిలే అనే అంటారు. అర్థమైతే చాలదా?

గ్రీమ్స్‌పేట బాసిస్ట్:
అర్థం కాకే కదా మీరు ఎఫెక్ట్ ఆపమన్నారు.

మైకుసెట్టు మామ:
ఏమప్పా, ముందు ఇంట్లో ఎర్తింగ్ చూసుకున్నావా? ఇంతమంది మాట్లాడుతున్నారు, ఒక్కరైనా అది అడిగారా? మన వైపు చాలా ఇళ్లలో ప్లగ్గుకు మూడో పిన్ను పేరుకే ఉంటుంది, గోడ వెనక దానికి వైరే ఉండదు. నేను మైకుసెట్టు నడిపినోణ్ణి. గంగజాతరకు వీధి పొడుగునా హారన్లు కట్టినోణ్ణి. లేటు గురించి నాకు చెప్పొద్దు. గాలిలో శబ్దం సెకనుకు ఇంచుమించు 343 మీటర్లే పోతుంది. ఒక హారన్ కింద నిలబడితే నూరడుగుల అవతల ఉన్న రెండో హారన్ మోత దాదాపు 90 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. మాట ముద్దముద్దగా అయిపోతుంది. అందుకే పెద్ద సభల్లో వెనకాల పెట్టే బాక్సులకు కావాలనే డిలే పెడతారు, ముందు నుంచి వచ్చే మోత, వెనక బాక్సు మోత కలిసి చేరాలని. ఇదంతా మెషీన్లతో పని. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఏ మెషీనూ సరిగా పని చెయ్యదు.

సున్నా డెసిబెల్:
ఎర్తింగ్ లేకపోతే గుయ్యిమనే హమ్ వస్తుంది. ఆలస్యం రాదు.

మైకుసెట్టు మామ:
షాక్ కూడా కొడుతుంది. పాడే ఆడపిల్ల మైకు పట్టుకుంటుంది, అది మరిచిపోవద్దు.

బైరాగిపట్టెడ కుర్రాడు:
ఎర్తింగ్ ఉంది మామా, ఏసీకి అని వేయించారు. నాది రీపర్, విండోస్ 10. మైకు యూఎస్‌బీది. డ్రైవర్ ఏసియో ఫర్ ఆల్. బఫర్ 512 ఉండేది, 64కు దించాను. 64లో చిటపటమని వస్తోంది కానీ లేటు మాత్రం అంతే ఉంది, ఇసుమంత కూడా తగ్గలేదు. శాంపిల్ రేటు, అంటే సెకనుకు తీసుకునే శబ్దం శాంపిళ్లు, 48000.

గ్రీమ్స్‌పేట బాసిస్ట్:
ఇప్పుడు దారికొచ్చింది. లెక్క చూడండి. బఫర్‌ను శాంపిల్ రేటుతో భాగిస్తే ఆలస్యం ఎంతో తెలుస్తుంది. 48000 దగ్గర 512 అంటే 10.7 మిల్లీసెకన్లు, 64 అంటే 1.3. గొంతు లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి, అంటే 512లో 21 పైచిలుకు. మైకులోపలి మార్పిడికి, యూఎస్‌బీకి ఇంకో కొంచెం వేసుకోండి. అంత కలిసినా మామ చెప్పిన లెక్కన స్పీకర్‌కు పది మీటర్ల దూరంలో నిలబడినట్టు ఉంటుంది. పాడేవాళ్లకు ఇబ్బందే, కాదనను. కానీ నోరు మూశాక మాట వినపడేంత ఆలస్యం కాదు అది. పైగా 512 నుంచి 64కు దించినా తేడా లేదంటున్నారు. అంటే ఆలస్యం బఫర్‌లో లేదు, ఇంకెక్కడో ఉంది. 64ను అలాగే ఉంచితే ఆ చిటపటలు రికార్డింగ్‌లో కూడా పడతాయి, 256కు పెట్టేయండి.

పీలేరు బీట్స్:
శాంపిల్ రేటు 96000 పెట్టు బ్రో. డిలే సగమైపోతుంది, క్వాలిటీ కూడా పెరుగుతుంది.

గ్రీమ్స్‌పేట బాసిస్ట్:
అదే బఫర్ ఉంచితే సగమవుతుంది, నిజమే. ప్రాసెసర్ మీద బరువు కూడా రెట్టింపు అవుతుంది. 64 దగ్గరే చిటపటలాడుతున్న కంప్యూటర్‌ను ఇంకా పిండడం ఎందుకు? క్వాలిటీ అంటారా, మనిషి చెవి వినేది ఎంత బాగా ఉన్నా 20 కిలోహెర్ట్జ్ వరకే. దానికి 44100 శాంపిల్ రేటు చాలు.

పీలేరు బీట్స్:
సరే, అసలు ఆ ఏసియో ఫర్ ఆల్ తీసిపారేసి మంచి సౌండ్ కార్డ్ కొను. పొద్దున్నే చెన్నై బస్సెక్కితే రిచీ స్ట్రీట్‌లో కొనుక్కుని రాత్రికి ఇంటికొచ్చేస్తావ్. ఏసియో ఫర్ ఆల్ అసలు ఏసియోనే కాదు.

సున్నా డెసిబెల్:
ఆడియో ఇంటర్‌ఫేస్.

పీలేరు బీట్స్:
అదే, సౌండ్ కార్డ్.

గ్రీమ్స్‌పేట బాసిస్ట్:
"ఏసియోనే కాదు" అనడం కూడా తప్పే. ఏసియో అనేది స్టెయిన్‌బర్గ్ వాళ్లు తెచ్చిన పద్ధతి. మధ్యలో విండోస్ మిక్సర్ దాకా పోకుండా సాఫ్ట్‌వేర్ నేరుగా పరికరంతో మాట్లాడటానికి. ఇంటర్‌ఫేస్ తయారు చేసినవాళ్లు తమ పరికరానికి తామే రాసిన ఏసియో డ్రైవర్ ఇస్తారు, అది మేలు. ఏసియో డ్రైవర్ లేని పరికరాలకు, విండోస్ డ్రైవర్ మీద తొడుగులాగా కూర్చుని పని జరిపించేది ఏసియో ఫర్ ఆల్. దాంతో పాటలు చేసినవాళ్లు బోలెడు మంది ఉన్నారు.

చంద్రగిరి కోట:
అందరూ డ్రైవర్ల గురించి మాట్లాడుతున్నారు. నాదొక ప్రశ్న. తమ్ముడూ, రీపర్‌కు డబ్బు కట్టావా? అది 60 రోజులు వాడి చూడమని ఇస్తారు. ఆ తర్వాత కూడా పని చేస్తుంది కదా అని మనవాళ్లు ఏళ్ల తరబడి అలాగే నెట్టుకొస్తారు. ఇంట్లో వాడుకునేవాళ్లకు లైసెన్స్ 60 డాలర్లే. అక్క చేత దేవుడి పాట పాడించి, ఆ రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం పైసా కట్టకపోతే ఎలా? క్రాక్ చేసిన ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) కూడా ఉంటే అవే తిప్పలు పెడుతుంటాయి.

బైరాగిపట్టెడ కుర్రాడు:
సార్, కడతాను. ముందు ఈ పాట అయిపోనివ్వండి.

వీణ టీచర్:
ఈ చర్చలో పాడే అమ్మాయి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నేను తిరుపతి సంగీత కళాశాలలో చదువుకున్నదాన్ని, ఇంటి దగ్గర పిల్లలకు నేర్పుతాను. రెండు చెవులూ మూసేసి పాడమంటే శ్రుతి మీద పట్టు ఎలా ఉంటుంది? తన గొంతు తనకు గాలిలో వినపడాలి. ఒక చెవికి హెడ్‌ఫోన్ పక్కకు జరపమనండి. అందులో తంబురా, తాళం మాత్రం వినిపించండి, గొంతు వద్దు. తంబురాకు లయ లేదు కాబట్టి అది కాస్త ఆలస్యంగా వచ్చినా శ్రుతికి ఏమీ కాదు. ఇంకో మాట, ఆ టిక్కు టిక్కు శబ్దం పెట్టి పాడిస్తున్నట్టున్నారు. ఆదితాళం చేత్తో వేసుకుని పాడితే వచ్చే నడక వేరు. ఈ టిక్కుల వల్లే ఇప్పటి పాటలన్నీ ఒకే తూకంలో ఉంటున్నాయి.

గ్రీమ్స్‌పేట బాసిస్ట్:
మేడమ్, గొంతు వినిపించకుండా పాడించమన్నది చాలా మంచి సలహా. టిక్కు గురించి ఒప్పుకోను. తర్వాత మృదంగం, బేస్ వేరే ఇళ్లలో రికార్డ్ చేసి కలపాలంటే టిక్కు లేకుండా కుదరదు.

వీణ టీచర్:
కచేరీలో అందరూ ఒకే చోట కూర్చుంటారు. అందుకే అక్కడ కుదురుతుంది.

మైకుసెట్టు మామ:
టీచరమ్మ చెప్పింది నిజం. మహతి ఆడిటోరియంలో పాడేవాళ్లు ఎవరైనా టిక్కు పెట్టుకుంటారా?

సున్నా డెసిబెల్:
మాస్టర్ మీద ఏముందో ఇంకా చెప్పలేదు.

బైరాగిపట్టెడ కుర్రాడు:
మాస్టర్ మీద ఏమీ పెట్టలేదన్నా. ఫ్యాన్ శబ్దం తీసే ప్లగిన్ ఒక్కటే ఉంది.

సున్నా డెసిబెల్:
అదే.

బైరాగిపట్టెడ కుర్రాడు:
అర్థం కాలేదు అన్నా. అది లేటు ఎందుకు చేస్తుంది? శబ్దం తీసేస్తుంది అంతే కదా. ఈ ఎండల్లో ఫ్యాన్ ఆపి తలుపులు మూసి పాడమంటే అక్క ఊరుకోదు, అందుకే పోయిన వారం వేశాను.

గ్రీమ్స్‌పేట బాసిస్ట్:
"మొన్నటిదాకా బాగానే ఉండేది" అని మీరే రాశారు, మేమెవరం పట్టించుకోలేదు. వివరంగా చెబుతాను. ఆ ప్లగిన్ ఫ్యాన్ మోత ఏదో, గొంతు ఏదో విడదీయాలంటే వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే తేల్చలేదు. కొన్ని వేల శాంపిళ్లు పోగేసుకుని, అందులో ఏ స్వరస్థాయిలో ఎంత మోత ఉందో లెక్కవేసి, అప్పుడు బయటికి వదులుతుంది. పోగేసే ముక్క ఎంత పెద్దదైతే పని అంత శుభ్రంగా ఉంటుంది, ఆలస్యం కూడా అంత పెరుగుతుంది. లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్లూ, ముందుచూపుతో పనిచేసే లిమిటర్లూ ఇదే బాపతు. రీపర్‌లో ఆ ప్లగిన్ కిటికీ అడుగున శాంపిళ్ల లెక్క ఒకటి కనిపిస్తుంది, అది ఎంత ఉంది?

బైరాగిపట్టెడ కుర్రాడు:
8192 అని ఉంది.

గ్రీమ్స్‌పేట బాసిస్ట్:
8192ని 48000తో భాగించండి. 170 మిల్లీసెకన్లు! మీరు బఫర్ దగ్గర పదీ పరక కోసం కొట్టుకుంటుంటే ఇది ఒక్కటే అంత తింటోంది. పాట మళ్లీ వినేటప్పుడు ఇది తెలియదు. ఏ ట్రాక్ ఎంత ఆలస్యమవుతుందో చూసుకుని సాఫ్ట్‌వేర్ మిగతావాటిని కూడా అంతే వెనక్కి జరిపి అన్నీ కలుపుతుంది. అప్పటికప్పుడు పాడే గొంతుకు ఆ సర్దుబాటు కుదరదు, ఇంకా రాని శబ్దాన్ని ముందుకు జరపలేరు కదా. మాస్టర్ మీద పెట్టారు కాబట్టి తంబురా, టిక్కు, గొంతు అన్నీ అందులోంచే దూరి రావాలి. దాన్ని ఆఫ్‌లైన్ చేయండి, అంటే పూర్తిగా దింపేయండి. ఉత్త బైపాస్ చేస్తే, అంటే ఉంచి పని మాత్రం ఆపితే, కొన్ని ప్లగిన్లు ఆలస్యాన్ని అలాగే పట్టుకుని ఉంటాయి. రికార్డింగ్ అయ్యాక, మిక్స్ చేసేటప్పుడు గొంతు ట్రాక్ మీద మాత్రం వేసుకోండి. అప్పుడు బఫర్ 1024 పెట్టినా ఎవరికీ నొప్పి లేదు.

సున్నా డెసిబెల్:
హెడ్‌ఫోన్ దేనికి గుచ్చారు అన్నదానికి కూడా జవాబు రాలేదు.

బైరాగిపట్టెడ కుర్రాడు:
సీపీయూ వెనకాల పచ్చ రంధ్రంలో. మైకు కింద కూడా ఒక రంధ్రం ఉంది కానీ అది ఫోన్‌కు అనుకున్నాను.

సున్నా డెసిబెల్:
హెడ్‌ఫోన్‌కు అది. అందులో పెట్టండి. రీపర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ (పాడే గొంతును తిరిగి వినిపించడం) ఆపేయండి, లేకపోతే గొంతు రెండుసార్లు వినపడుతుంది.

గ్రీమ్స్‌పేట బాసిస్ట్:
ఇది చాలా మందికి తెలియదు కాబట్టి రెండు మాటలు. చాలా యూఎస్‌బీ మైకుల్లో ఆ రంధ్రం నుంచి గొంతు కంప్యూటర్‌కు పోకుండా నేరుగా చెవికి వస్తుంది. ఆలస్యం దాదాపు సున్నా. తంబురా, తాళం కంప్యూటర్ నుంచి అదే రంధ్రంలోకి వస్తాయి. ఏసియో ఫర్ ఆల్ జాబితాలో మైకును మాత్రం ఉంచి మదర్‌బోర్డ్ సౌండ్‌ను ఆపేయండి. ఇప్పుడు లోపలికి ఒక పరికరం, బయటికి ఇంకో పరికరం వాడుతున్నారు. రెండింటి గడియారాలూ వేరు, వెంట్రుకవాసి తేడా ఉన్నా పాట పొడుగుపోయే కొద్దీ జారుడూ, మధ్యలో చిటపటలూ వస్తాయి. ఆ చిటపటల్లో కొన్ని దీనివల్ల కూడా కావచ్చు.

పీలేరు బీట్స్:
నేను చెప్పింది కూడా అదే, మదర్‌బోర్డ్ సౌండ్ వేస్ట్ అని.

చంద్రగిరి కోట:
ఆ ఫ్యాన్ ప్లగిన్ కొన్నదేనా?

మైకుసెట్టు మామ:
ప్లగిన్ ఎందుకప్పా అసలు! టేబుల్ ఫ్యాన్ అయితే మైకు వీపు ఫ్యాన్ వైపు తిప్పి పెట్టు. ముందు నుంచి పట్టే మైకుకు వెనక మోత తక్కువ చేరుతుంది. నోటికి జానెడు దూరంలో పెట్టి పాడించు, గొంతు గట్టిగా పడితే ఫ్యాన్ ఎవరికి వినపడుతుంది? సీలింగ్ ఫ్యాన్ అయితే ఒకటో నంబర్‌లో పెట్టు. మా కాలంలో ఇవన్నీ చేత్తో చేసేవాళ్లం.

వీణ టీచర్:
జానెడు దూరం మరీ దగ్గర. పై స్థాయిలో గొంతు పగులుతుంది. పైకి వెళ్లినప్పుడు తల కాస్త వెనక్కి తీసుకోమనండి.

మైకుసెట్టు మామ:
గెయిన్, అంటే మైకు గొంతును పట్టే బలం, తగ్గిస్తే పగలదమ్మా.

వీణ టీచర్:
గెయిన్ తగ్గిస్తే మంద్రంలో పాడింది పోతుంది. మంద్రం మీ హారన్లలో వినపడదేమో, మాకు కావాలి.

మైకుసెట్టు మామ:
మా హారన్లు గుడి ముందు నిలబడి వినాలి టీచరమ్మా, నాలుగు వీధుల అవతలి నుంచి కాదు.

బైరాగిపట్టెడ కుర్రాడు:
ప్లగిన్ ఆఫ్‌లైన్ చేసి మైకు కింద రంధ్రంలో పెట్టాను. లేటు పోయింది. అక్క రెండు చరణాలు పాడేసింది. ఫ్యాన్ మోత కొంచెం ఉంది, తర్వాత చూసుకుంటా. థ్యాంక్స్ అన్నా, అందరికీ.

మదనపల్లె మోత:
నాకూ ఇదే ప్రాబ్లం. కానీ నాకు పాడేటప్పుడు బాగానే వినపడుతుంది, రికార్డ్ అయ్యాక చూస్తే గొంతు ట్రాక్ మొత్తం కొంచెం వెనక్కి పడుతోంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడా. చేత్తో ముందుకు జరుపుకుంటున్నాను. ప్లగిన్లు ఏమీ లేవు. ఎవరైనా చెప్పండి.

పీలేరు బీట్స్:
కొత్త పోస్ట్ పెట్టు బ్రో, ఇది చాలా పొడుగైపోయింది.