సమస్యాపూరణం: "కన్నకొడుకుల విడి తల్లి ఘనత గాంచె"

నిర్వాహకుడు:
పోయిన నెల మానేరు మాస్టారు "తెగిన తంత్రి" సమస్యను చైనా కవయిత్రి త్సాయ్ వెన్‌జీ చిన్ననాటి కథతో పూరించినప్పటి నుంచి ఆవిడ నన్ను వదలడం లేదు. క్రీ.శ. 177 ప్రాంతంలో పుట్టిన మనిషి. తండ్రి త్సాయ్ యోంగ్ పెద్ద పండితుడు, చిన్ అనే తీగవాద్యంలో దిట్ట. హాన్ రాజ్యం చితికిపోతున్న రోజుల్లో షియోంగ్‌ను అనే సంచార తెగవాళ్ళ చేతికి చిక్కి పన్నెండేళ్ళు వాళ్ళ మధ్యే బతికింది, ఇద్దరు కొడుకుల్ని కంది. తండ్రి స్నేహితుడైన మంత్రి త్సావ్ త్సావ్ బంగారం, పచ్చరాళ్ళు ఇచ్చి విడిపించాడు గానీ పిల్లలు అక్కడే ఉండిపోయారు. ఆ కథ చదివి పడుకుంటే నిద్ర పట్టక ఈ పాదం తోచింది. ఈసారి అందరూ ఇది చివరి పాదంగా ఆవిడ మీదే పద్యం రాయండి.

కొత్తమొలక:
గురువులకు నమస్కారం. ఇది నా మూడో పూరణ. తప్పులుంటే దిద్దండి.

పసిఁడి పచ్చలు వెల పోసి పంపె మంత్రి
పుట్టినింటికి రమ్మని పిలుపు వచ్చె
వెనుక రోదించు బిడ్డల విడువలేక
కన్నకొడుకుల విడి తల్లి ఘనత గాంచె

మానేరు మాస్టారు:
రెండో పాదం చూసుకో నాయనా. పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కలవాల్సిన యతి తప్పింది, పు-కి పి కుదరదు. మిగతాదంతా శుభ్రంగా ఉంది.

తంబూరమ్మ:
మాస్టారూ, యతి తప్పిన మాట నిజమే కానీ మూడో పాదాన్ని మీరు అట్లా దాటేయడం నాకు బాధగా ఉంది. "విడువలేక" అని వెంటనే "విడి" అన్నాడు చూశారా, ఆవిడ జీవితమంతా ఆ రెండు మాటల మధ్యే ఉంది. ఒరే తమ్ముడూ, "పుట్టినింటికి రమ్మని బుజ్జగించె" అని మార్చుకో. పు-బు సరిపోతుంది, పైగా ముందు పాదంలోని మంత్రే దీనికీ కర్త అవుతాడు. మూడో పాదం జోలికి మాత్రం వెళ్ళకు.

కొత్తమొలక:
అక్కా, కళ్ళకు అద్దుకున్నాను. పొద్దుటి నుంచి టెన్షన్ పడుతున్నా.

గోదారిగట్టు:
నాకు సమస్యలోని "ఘనత" అన్న మాటతోనే తగవు. కొడుకుల్ని విడిచినందుకా ఆవిడకు ఘనత? ఆవిడ రాసిందని హాన్ చరిత్రలో చేరిన శోకగీతం ఉంది, అయిదేసి అక్షరాల పాదాలు నూట ఎనిమిది. అందులో కొడుకు మెడ పట్టుకుని వేలాడతాడు. అమ్మా ఎటు పోతున్నావు, ఎప్పుడూ దయగా ఉండేదానివి, ఇప్పుడెందుకిలా అయిపోయావు, నేనింకా పెద్దవాణ్ణి కాలేదే అంటాడు. తనతో పాటు చెరపట్టబడిన ఆడవాళ్ళు సాగనంపడానికి వచ్చి, ఈమె ఒక్కతే తిరిగి వెళ్తోందని ఏడుస్తారు. గుర్రాలు కదలవు, బండి చక్రాలు తిరగవు. అంత చదివాక నేను ఆ పాదాన్ని ఒప్పుకోలేక ప్రశ్నగా మార్చాను.

అమ్మ యెటు పోదువని మెడ నల్లుకొనఁగ
గుండె రెండుగఁ జీలిన గోడు పాడె
నెవరు విన్నారు చెప్పుఁడీ యే యుగమున
కన్నకొడుకుల విడి తల్లి ఘనత గాంచె

నిర్వాహకుడు:
మొదటి పాదం దగ్గరే ఆగిపోయానండీ. నా పాదాన్ని నా మీదికే తిప్పారు, సంతోషం.

మానేరు మాస్టారు:
భావం గొప్పది, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ "యుగమున" ద్రుతాంతం, అంటే చివర "న్" దాగి ఉన్న మాట. తర్వాత వచ్చే "కన్న" సరళాదేశంతో, అంటే క గ అయి, "గన్న" కావాలి. సమస్యలో అక్షరం మార్చకూడదు కాబట్టి మూడో పాదం చివర కళ, అంటే ఆ "న్" లేని మాట, పడాలి. ఇన్నేళ్ళుగా రాస్తున్న మీరు దీన్ని వదిలేస్తే పిల్లలు ఏం నేర్చుకుంటారు?

గోదారిగట్టు:
ఒప్పుకున్నాను మాస్టారూ, "యెచట నెపుడు" అని మారుస్తాను, యతికీ ఢోకా లేదు. కానీ సరళాదేశం సంగతి మీరే ఎత్తారు కాబట్టి, పోయిన నెల మీ ఆటవెలదిని అందరి ముందూ పెడతాను.

చీఁకటింటఁ దండ్రి చేయి తీగలపైన
నాడ నొకటి తెగిన నపుడె చెప్పె
రెండవది యటంచు రేయి విన్న పసికి
తెగిన తంత్రి పాటఁ దీర్చి దిద్దె

"పసికి" ద్రుతాంతం కాదా? "దెగిన" కావద్దా? ఆ రోజు మీకు ఇరవై మంది వహ్వాలు కొట్టారు. నేను ఒక్క మాట అనకుండా ఊరుకున్నాను, అంతకు ముందు దత్తపదిలో, ఇచ్చిన మాటలతో అల్లిన నా పద్యాన్ని మీరు నలుగురిలో చీల్చి చెండాడినా సరే.

తంబూరమ్మ:
దత్తపది సంగతి ఇప్పుడెందుకు గోదారి బాబాయ్? అసలు ఆ ఆటవెలదిలో నాకు నచ్చింది మాస్టారు "వీణ" అనకపోవడం. చిన్‌కు ఏడు తీగలు, మెట్లు ఉండవు, బల్ల మీదో ఒళ్ళోనో పడుకోబెట్టి వాయిస్తారు. నేను ముప్పై ఏళ్ళుగా వీణ చెబుతున్నాను. పక్క గదిలోంచి, చీకట్లో, తెగింది రెండో తీగ అని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. తండ్రి నమ్మక, ఏదో గుడ్డిగా తగిలిందిలే అని కావాలనే ఇంకొకటి తెంపితే, నాలుగోది అందట ఆ పిల్ల. ఆ చెవి ఉన్న మనిషికి, బండి కదిలాక దూరమైపోతున్న పిల్లల ఏడుపు ఎంతసేపు వినబడి ఉంటుందో అని నేను రెండు రోజులుగా అనుకుంటూనే ఉన్నాను.

నా పూరణ ఇది. "ఘనత"ను వేరేగా తీసుకున్నాను.

పాట మెఱుపయ్యె నిట్టూర్పు వానగాలి
చెంపపై జాఱు కన్నీళ్లు చినుకు లయ్యె
నింగి నలుపయ్యె నెడబాటు నిండి నిండి
కన్నకొడుకుల విడి తల్లి ఘనత గాంచె

కొత్తమొలక:
ఘనం అంటే మబ్బు! ఘనత గాంచె అంటే మబ్బయిపోయింది! అక్కా, ఒళ్ళు జలదరించింది.

మానేరు మాస్టారు:
నలభై ఏళ్ళలో ఇలాంటి విరుపు చాలా తక్కువ చూశాను. ఒక్కటే లోటు, వెన్‌జీ పేరు తీసేస్తే ఏ తల్లికైనా ఈ పద్యం సరిపోతుంది.

తంబూరమ్మ:
సరిపోనివ్వండి మాస్టారూ. అది లోటని నేననుకోను.

గోదారిగట్టు:
నేను అక్క పక్షమే. కానీ "ఘనత"ను మామూలు అర్థంలో తీసుకునేవాళ్ళు ఆవిడ చివరి రోజుల మీద రాయాలని నా కోరిక. త్సావ్ త్సావే ఆవిడకు దోంగ్ సి అనే అధికారితో పెళ్ళి చేశాడు. అతనికి మరణశిక్ష పడితే జుట్టు విరబోసుకుని, ఉత్తికాళ్ళతో నిండు సభలోకి వెళ్ళి వేడుకుంది. ఉత్తర్వు వెళ్ళిపోయింది, ఏం చెయ్యను అన్నాడాయన. మీ శాలలో పదివేల గుర్రాలున్నాయి, చావబోయే మనిషి కోసం ఒక్క గుర్రం పంపలేరా అంది. పంపాడు, భర్త బతికాడు. అప్పుడే ఆయన మీ నాన్న పుస్తకాలు గుర్తున్నాయా అని అడిగితే, ఇచ్చినవి నాలుగు వేలకు పైగా, అన్నీ పోయాయి, నోటికి వచ్చేవి నాలుగు వందల చిల్లర అంది. పదిమంది లేఖకుల్ని ఇస్తానంటే వద్దని, కాగితం, కుంచె అడిగి తనే తప్పు లేకుండా రాసి ఇచ్చింది. ఆ ధారణ ముందు మన అవధానులు కూడా లేచి నిలబడాలి. ఘనత అంటే అదీ!

నిర్వాహకుడు:
"షియోంగ్‌ను పిల్లనగ్రోవి పద్దెనిమిది పాటలు" కూడా ఆవిడవే అంటారు కదా, వాటి మీద ఎవరైనా రాస్తారా?

మానేరు మాస్టారు:
అవి చాలా తర్వాతి కాలానివని వాదించే పండితులు ఎక్కువ. నేను శోకగీతం దాటి వెళ్ళను. తిరిగొచ్చేసరికి తనవాళ్ళు ఒక్కరూ మిగలలేదు, ఊరు అడవైంది, ఎవరివో తెలియని ఎముకలు తెల్లగా పడి ఉన్నాయి అని రాసింది అందులో. మా కొత్తమొలక "పుట్టినింటికి" అన్నాడే, ఆ పుట్టిల్లు అక్కడ లేదు. నాయనా, ఇంకో పద్యం రాస్తే అక్కడి నుంచి ఎత్తుకో.

గోదారిగారూ, "పసికి" నా తప్పే. రాత్రంతా కూర్చుని మూడో పాదాన్ని ఇలా మార్చాను:

రెండవది యటంచు రేయి విన్న పడుచు
తెగిన తంత్రి పాటఁ దీర్చి దిద్దె

గోదారిగట్టు:
మాస్టారూ, ఇప్పుడు దిద్దింది తీగ కాదు, అమ్మాయి! పాత పూరణ కంటే ఇది ఎంతో మేలు. దత్తపది సంగతి నేను ఇక ఎత్తను.

కొత్తమొలక:
లేని పుట్టిల్లు మీద మొదటి పాదం కుదిరింది, రెండో దాంట్లో యతి దగ్గర ఆగాను. రేపు పెడతాను అక్కా, ముందు మీరే చూడాలి.