సమస్యాపూరణం: పుట్టలోనిది లేదని పొగిలెఁ బాము

ముమ్మిడివరం మాస్టారు (సమస్య ఇచ్చినవారు):

ఈ వారం తేటగీతి పాదం ఇస్తున్నాను.

పుట్టలోనిది లేదని పొగిలెఁ బాము

ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి నాలుగో గణం మొదటి అక్షరం మీద, ఇక్కడ పు–పొ. ప్రాస నియమం లేదు.

నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఊళ్ల వాళ్లం. తన పుట్టలో ఉన్నదాన్ని పామే లేదని ఏడవడమేమిటని మీకు అనిపిస్తుంది. ఈ పాము పైథాన్ అనే ప్రోగ్రామింగు భాష. మా మేనల్లుడు నాకో చిన్న డాంగిల్ (కంప్యూటరుకు గుచ్చే పరికరం) ఇచ్చి వెళ్లాడు. లోపల ఆర్‌టీఎల్2832యూ చిప్పు. టీవీ ప్రసారాలు పట్టడానికి చేసింది. దానికి గ్నూ రేడియో అనే సాఫ్ట్‌వేర్ తోడైతే రేడియో చేసే పనంతా కంప్యూటరే చేస్తుంది. పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య యాంటెన్నా కట్టాను. మూడు రాత్రులు కూర్చున్నాను. ప్రోగ్రాం నడపగానే ఒకటే మాట: ఆస్మోఎస్‌డీఆర్ అనే మాడ్యూలు లేదు. డాంగిల్‌ను గ్నూ రేడియోకు కలిపే ప్రోగ్రాం ముక్క అది. దాన్ని సోర్సు కోడు నుంచి కట్టి, ఇన్‌స్టాల్ చేసింది నా చేతులతోనే. అది డిస్కులో ఉంది, నా కళ్లతో చూశాను.

పూరణలో అసలు కారణం ఉండాలి. యతి కుదిరి కారణం తప్పినా, కారణం కుదిరి యతి తప్పినా ఒప్పుకోను. నాకు ఈ రెండూ సమానమే.

రాజోలు నుంచి:

మాస్టారూ, మీకు జరిగిందే నాకూ జరిగిందండి.

కట్టి మాడ్యూలు లోకలు గట్టుమీఁదఁ
బెట్టితిని గాని, దారిలోఁ బెట్టనైతి;
వెదకు చోటులఁ జూపక వెతలఁబడితి;
పుట్టలోనిది లేదని పొగిలెఁ బాము.

సోర్సు నుంచి కడితే సరుకు యూఎస్‌ఆర్ లోకల్ అనే ఫోల్డరు కిందికి వెళ్తుంది. పైథాన్ దగ్గర తను వెదికే చోట్ల జాబితా ఒకటి ఉంటుంది, దాని పేరు సిస్ పాత్. ఆ జాబితాలో లేని చోట బంగారం దాచినా దానికి కనపడదు. ముందు ఆ జాబితాను తెర మీద అచ్చు వేయించి చూడండి.

ఆచంట అక్కయ్య గారు:

ఈ వారం నాకు బాగా నచ్చిన పద్యం ఇది. ‘గట్టు’ అంటే కాలవగట్టు కాని, లోకల్ అనే పేరు పక్కన చేరేసరికి సరుకు దింపిన రేవు కళ్లకు కట్టింది. ‘మాడ్యూలు’ తగణంగా చక్కగా ఇమిడింది. ‘మాడ్యూల్’ అని పొల్లుతో ఉంచితే గణం చెడేది. ‘పెట్టితిని – పెట్టనైతి’ పునరుక్తి అనేవాళ్లు ఉంటారు. ఒకటి సరుకు పెట్టడం, రెండోది దారిలో పెట్టడం. రెండూ వేరని చెప్పడమే పద్యం పని, కాబట్టి ఆ మాట రెండుసార్లు రావలసిందే.

కారణానికి ఒక చేర్పు. డెబియన్ కుటుంబపు లినక్సుల్లో పైథాన్ డిస్ట్ ప్యాకేజెస్ అనే ఫోల్డరులో చూస్తుంది. కట్టే పనిముట్టు ఒక్కోసారి సైట్ ప్యాకేజెస్ అనే ఫోల్డరులో పెట్టి వస్తుంది. పేర్లలో తేడా చిన్నది, కంటికి ఆనదు. పైథాన్‌పాత్ అనే చలరాశిలో (వేరియబుల్‌లో) ఆ ఫోల్డరు చేర్చి, ఆ పంక్తిని టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే బ్యాష్ఆర్‌సీ ఫైలులో రాసుకోండి. లేకపోతే టెర్మినల్ మూయగానే మళ్లీ మొదటికి వస్తుంది.

భీమవరం విద్యార్థి:

మాస్టారూ, పద్యం రాయడం నాకిది రెండోసారి. తప్పులుంటే చెప్పండి.

కొత్త గూటిని వేఱుగాఁ గట్టుకొంటి;
పాత యింటను సరకెల్లఁ బదిలమయ్యె;
గోడ కావలఁ గనలేని గువ్వ యయ్యె;
పుట్టలోనిది లేదని పొగిలెఁ బాము.

ముమ్మిడివరం మాస్టారు:

నాయనా, మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. గూడు అని మొదలుపెట్టి గువ్వ దాకా నడిపావు. ఇది ఒకరు నేర్పితే వచ్చేది కాదు.

మొదటి పాదంలో యతి పోయింది. కొ–గ: హల్లులకు మైత్రి ఉంది, అచ్చులకు లేదు. ఒకారానికి ఉ, ఊ, ఒ, ఓ లు కావాలి; అకారం చెల్లదు. ‘గట్టుకొంటి’ తీసి ‘గూర్చుకొంటి’ అను. గణాలు చెడవు, కొ–గూ కుదురుతుంది. గూడు కూర్చుకోవడమన్న మాట అర్థంలోనూ మెరుగు.

కారణం నిజమే. చదివేవాళ్ల కోసం విడమరుస్తాను. డెబియన్ 12 నుంచి సిస్టం పైథాన్‌లోకి పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు దించే పనిముట్టు) నేరుగా ఏదీ దించనివ్వదు. ఈ పరిసరం బయటివారి నిర్వహణలో ఉందని ఆపేస్తుంది. అది చూసి పిల్లలు వర్చువల్ ఎన్విరాన్‌మెంటు, అంటే పైథాన్‌కు విడి గూడు, ఒకటి కడతారు. డెబియన్ సొంత పనిముట్టు ఆప్ట్‌తో దించిన గ్నూ రేడియో మాత్రం పాత ఇంట్లో, అంటే సిస్టంలోనే ఉంటుంది. కొత్త గూటికి ఆ ఇల్లు కనపడదు. గూడు కట్టేటప్పుడే సిస్టం సైట్ ప్యాకేజెస్ అనే ఆప్షను ఇస్తే గోడకు కిటికీ పెట్టినట్టవుతుంది.

పాలకొల్లు నుంచి:

అన్న పేరునుఁ దమ్ముని కంటఁగట్టఁ
బలుకరింపఁగఁ దమ్ముఁడె పలికినాఁడు;
వాకిటనె యాఁగి లోనికి వచ్చుటుడిగి
పుట్టలోనిది లేదని పొగిలెఁ బాము.

నా మొదటి ప్రోగ్రాముకు గ్నూరేడియో అనే పేరే పెట్టి సేవ్ చేశానండి.

ఆచంట అక్కయ్య గారు:

మొదటి పాదంలో ‘తమ్మునికి + అంటఁగట్ట’ కనుక అ–అ స్వరయతి. బాగుంది. కథ కూడా మన ఇళ్లలో రోజూ జరిగేదే. వీధిలోంచి పెద్దాడిని పిలిస్తే అరుగు మీద ఉన్న చిన్నాడు పలుకుతాడు.

పైథాన్ వెదికే జాబితాలో మొట్టమొదటి చోటు మనం నడిపే ఫైలున్న ఫోల్డరే. అక్కడ అదే పేరు దొరికితే లోపలికి వెళ్లదు. ఈ తప్పుకు ఒక గుర్తుంది: గ్నూరేడియో అనేది ప్యాకేజీ కాదు అని సందేశం చివర తోక ఉంటుంది. ఆ తోక కనపడితే ఇన్‌స్టాల్ జోలికి వెళ్లొద్దు, మీ ఫైలు పేరు మార్చండి. గ్నూ రేడియో కంపానియన్‌లో ప్రోగ్రామును బ్లాకుల బొమ్మలతో గీసేవాళ్లు ఆప్షన్స్ బ్లాకులో ఐడీ చూసుకోండి. తయారయ్యే పైథాన్ ఫైలుకు ఆ ఐడీయే పేరవుతుంది.

నరసాపురం నుంచి:

దూరదర్శను సారథి తొలుతఁ బట్టె;
వదలు మన్నను వదలక వాఁడు నిలిచె;
కంటి ముందఱ డాంగిలు కానరాక
పుట్టలోనిది లేదని పొగిలెఁ బాము.

ముమ్మిడివరం మాస్టారు:

ధార ఉంది. డ్రైవరును (పరికరాన్ని నడిపే ప్రోగ్రామును) సారథి అనడం బాగుంది. దూ–తొ యతి కూడా సరి. అయినా ఈ పూరణ ఒప్పుకోలేను.

మీరు చెప్పే సంగతి నిజంగా జరిగేదే. డాంగిల్ గుచ్చగానే లినక్సు కెర్నెల్‌లోని టీవీ డ్రైవరు దాన్ని పట్టుకుంటుంది. అప్పుడు వచ్చే సందేశం క్లెయిం ఇంటర్‌ఫేస్, తప్పు సంఖ్య −6. దాని అర్థం ‘వేరొకరి చేతిలో ఉంది’ అని. −3 వస్తే ‘ముట్టుకోవడానికి నీకు అనుమతి లేదు’ అని. ఆ రెంటిలోనూ డాంగిల్ కనపడుతూనే ఉంటుంది. సమస్యలో పాము ‘లేదని’ ఏడుస్తోంది. ఉన్నది ఒకరు పట్టుకుపోతే ‘ఇవ్వడం లేదు’ అనాలి కదండి! మూడో పాదంలోని ‘కానరాక’ అక్కడే పట్టు తప్పింది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. −6 చూసి మాడ్యూలు మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లను చూశాను, వాళ్లలో నేనూ ఉన్నాను. దానికి మందు బ్లాక్‌లిస్టు (కెర్నెల్ ఎక్కించకూడని డ్రైవర్ల జాబితా) ఫైలులో ఆ టీవీ డ్రైవరు పేరు రాయడం. −3కి మందు యూడెవ్ నియమం, అంటే పరికరాన్ని ఎవరు ముట్టుకోవచ్చో లినక్సుకు చెప్పే పంక్తి. విండోస్‌లో అయితే జాడిగ్ అనే పనిముట్టుతో డ్రైవరు మార్చుకుంటారు.

నరసాపురం నుంచి:

ఒప్పుకున్నానండి. ‘లేదు’కూ ‘ఇవ్వను’కూ తేడా చూడలేదు. వచ్చే వారం వేరే పాదానికి ఈ సారథిని వాడుకుంటాను.

పి. గన్నవరం నుంచి:

లంక మాఱెను గోదారి లాఁగుకొనఁగఁ
బాత పట్టాను జూపిన ఫలము లేదు;
మూఁడుతొమ్మిది మునుపటి ముడులు విప్పె;
పుట్టలోనిది లేదని పొగిలెఁ బాము.

భీమవరం విద్యార్థి:

మూఁడుతొమ్మిది అంటే ఏమిటండి?

పి. గన్నవరం నుంచి:

గ్నూ రేడియో 3.9 బాబూ, 2021 జనవరిలో వచ్చింది. లోపలి పని సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది, దాన్ని పైథాన్‌కు ముడివేయాలి. 3.8 దాకా ఆ ముడి స్విగ్ అనే పనిముట్టుతో వేసేవారు, 3.9 నుంచి పైబైండ్11 వచ్చింది. అంతకుముందు 2019లో 3.8 వచ్చినప్పుడు బ్లాకుల వివరణ ఎక్స్‌ఎంఎల్ అనే రాత పద్ధతి నుంచి యామిల్ అనే దానికి మారింది. పాత పాఠం చూసి మాడ్యూలు పాత శాఖ (పాత వెర్షనుకు రాసిన కోడు) దించుకుని 3.10 మీద కడితే, ఫైళ్లన్నీ ఉన్నట్టే ఉంటాయి, ఇంపోర్టు మాత్రం కాదు. మా లంకల్లో ఏటి కోతకు చేను పోయినవాళ్ల దగ్గర పట్టా కాగితం పదిలంగానే ఉంటుంది. చేను ఉన్నచోట ఏరు పారుతుంటుంది. మాడ్యూలు దించేముందు మీ గ్నూ రేడియో వెర్షనుకు సరిపడే శాఖ ఏదో చూసుకోవాలి.

ఆచంట అక్కయ్య గారు:

ఈ పద్యం ముందు నేను మాట్లాడను. పా–ఫ యతి కూడా ఎంత సహజంగా పడిందో.

ముమ్మిడివరం మాస్టారు:

రాత్రి రాజోలు వారి మాట ప్రకారం జాబితా అచ్చు వేయించాను. అక్కయ్య గారు చెప్పిందే: సరుకు సైట్ ప్యాకేజెస్‌లో ఉంది, పైథాన్ చూపు డిస్ట్ ప్యాకేజెస్ మీద ఉంది. దారి చేర్చాను. ‘లేదు’ అన్న మాట పోయి ఇంకో మాట వచ్చింది: ఫలానా లైబ్రరీ ఫైలు తెరవలేకపోతున్నాను. ఇది పైథాన్ ఏడుపు కాదు, లైబ్రరీలను వెదికి కలిపే లింకరుది. లైబ్రరీల జాబితాను తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ ఒక్కసారి నడపగానే అదీ సర్దుకుంది.

డాంగిల్ నుంచి సెకనుకు 24,00,000 నమూనాలు. వాటిని పదో వంతుకు తగ్గిస్తే 2,40,000. ఎఫ్ఎం విప్పాక అయిదో వంతుకు తగ్గిస్తే 48,000, సౌండు కార్డుకు సరిపోయే లెక్క. ధవళేశ్వరం దగ్గర పెద్ద కాలవలో బయల్దేరిన నీరు పంట బోదె దాకా వచ్చినట్టు, మూడు బ్లాకులు దాటి పాట మా వసారాలోకి వచ్చింది. అప్పటికి రాత్రి పదకొండు దాటింది. మా ఆవిడ నిద్ర లేచి వచ్చి పక్కన కూర్చుంది.

రాజోలు వారి పూరణ, పి. గన్నవరం వారి పూరణ ఈ వారానికి ఉత్తమమైనవిగా తీసుకుంటున్నాను. భీమవరం అబ్బాయి సవరించిన మొదటి పాదంతో పద్యం మళ్లీ పంపితే దాన్నీ వాటి పక్కన ఉంచుతాను.

భీమవరం విద్యార్థి:

పంపుతున్నాను మాస్టారూ.

కొత్త గూటిని వేఱుగాఁ గూర్చుకొంటి;
పాత యింటను సరకెల్లఁ బదిలమయ్యె;
గోడ కావలఁ గనలేని గువ్వ యయ్యె;
పుట్టలోనిది లేదని పొగిలెఁ బాము.