అప్‌డేట్: మా బాబుకి చెవి పరీక్ష చేయించాం

పోయిన నెల అడిగాను కదా, రెండున్నరేళ్లు నిండినా మావాడు పిలిస్తే పలకడం లేదు, మాటలు నాలుగైదే, కావలిలో చూపిస్తే డాక్టరు తలెత్తకుండానే "మగపిల్లలకి మాటలు లేటమ్మా" అని టానిక్ రాసి పంపేశాడని. మీలో ఒకరు చెప్పినట్టే చేశా. వారం రోజులు తేదీలు వేసి రాసుకున్నా, వాడి వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టినా తిరగకుండా బొమ్మ లారీ తోసుకుంటూ పోయే వీడియో తీశా. నెల్లూరులో ఈఎన్‌టీ డాక్టరుకి ముందు అదే చూపించాం. రెండుసార్లు చూసిందావిడ. "వినికిడి పరీక్ష చేయకుండా మాటల సంగతి ఎలా తేలుస్తాం?" అంది. అక్కడే ఏడ్చేశాను, సిగ్గేసింది కూడా.

చెవిలో చిన్న బిరడా లాంటిది పెట్టి టింపనోమెట్రీ (కర్ణభేరి ఎలా కదులుతుందో చూసే పరీక్ష) చేశారు, గీత కొండలా లేవాలంట, మావాడిది రెండు చెవులకీ చదునుగా వచ్చింది. కర్ణభేరి వెనక నీరు చేరిందట. నిద్రపుచ్చి బెరా (శబ్దం చెవి నరం గుండా మెదడుకి చేరుతుందో లేదో చూసే పరీక్ష) కూడా చేశారు, నరం బాగానే ఉంది. చాలామంది పిల్లల్లో ఈ నీరు 3 నెలల్లో దానంతటదే పోతుందట, పోకపోతే కర్ణభేరికి చిన్న ట్యూబులు వేస్తారట. సంక్రాంతి తర్వాత మళ్లీ రమ్మన్నారు.

మా అత్త మాత్రం "వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకి గానీ మాటలు రాలేదు" అంటానే ఉంది.