మేడారం భూకంపానికీ భూమి అయస్కాంత క్షేత్రానికీ సంబంధం ఉందా?

రవి_ములుగు:
చాలా రోజులుగా రాత్రిళ్లు కూర్చుని వేసిన లెక్కలు ఇక్కడ పెడుతున్నాను. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. సూర్యుడి మీద మచ్చలు దాదాపు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతాయి, అదే సూర్యచక్రం. దాని గరిష్ఠ దశ దాటి అప్పటికి కొన్ని నెలలే. 2001 జనవరి 26న భుజ్, అప్పుడూ గరిష్ఠ దశే. 2024 డిసెంబర్ 4 పొద్దున ఏడున్నరకు మా మేడారం, 5.3. సూర్యుడు గరిష్ఠ దశలో ఉన్నాడని అక్టోబర్‌లోనే నాసా చెప్పింది. ఆ ఏడాది మే నెలలో వచ్చిన సౌర తుఫాను ఇరవై ఏళ్లలో అతి పెద్దది, లడఖ్‌లోని హాన్లే దగ్గర ఆకాశం ఎర్రబడింది. ఇటు ఉత్తర అయస్కాంత ధ్రువం కెనడా వదిలి సైబీరియా వైపు పోతోంది. రెండు వందల ఏళ్లలో క్షేత్రం బలం దాదాపు 9 శాతం తగ్గింది.

ఇంకొకటి. ఆగస్టు 31న మా తాడ్వాయి అడవిలో వేల చెట్లు ఒక్కసారిగా కూలాయి. మూడు నెలలకు అదే అడవి కింద నేల కదిలింది. భూమి నడిమధ్య ఉండే కోర్‌లో ఏదో మారుతోంది, అది ముందు అయస్కాంత క్షేత్రంలో కనిపిస్తుంది, తర్వాత భూమి కంపిస్తుంది అని నా నమ్మకం. ఎక్కడ తప్పో చూపించండి.

శ్రీను_హన్మకొండ:
గద్దెలు ఊగిన సీసీటీవీ వీడియో మళ్లీ గుర్తొచ్చింది. తల్లులే కాపాడారు.

ఫిజిక్స్_మాస్టారు:
రవీ, తేదీలు సరిగ్గానే ఇచ్చావు, కానీ నీకు కలిసొచ్చేవే ఏరుకున్నావు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలో వచ్చిన కిల్లారి భూకంపం ఎక్కడ పోయింది? దాదాపు పది వేల మంది చనిపోయారు. అప్పటికి సూర్యచక్రం దిగే దశలో ఉంది. 1997 మే జబల్‌పూర్ భూకంపం నాటికి సూర్యుడి మీద మచ్చలే అరుదు. ధ్రువం సంగతంటావా, ఒకప్పుడు ఏడాదికి 50 కిలోమీటర్ల పైన జరిగేది, ఇప్పుడు 35 దాకా తగ్గింది. నీ లెక్క ప్రకారం భూకంపాలు కూడా తగ్గాలి కదా.

హైదరాబాద్ దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం 42 వేల నానోటెస్లాల (క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం) పైచిలుకు. మే తుఫాను దాన్ని కదిలించింది 400 దాకా, అంటే ఒక శాతం. మీ ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం దగ్గర అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. దానికి గోడలు కదులుతున్నాయా?

మేడారం కింద ఉన్నది గోదావరి పగులు లోయ. కోట్ల ఏళ్ల కిందట నేల చీలి కుంగిన చోటు, మన సింగరేణి బొగ్గు దొరికేదీ అందులోనే. ఆ పాత పగుళ్లలో ఒత్తిడి పేరుకుని అప్పుడప్పుడూ జారుతుంది. సూర్యుడితో పని లేదు.

రవి_ములుగు:
మేడారం భూకంపం లోతు 40 కిలోమీటర్లు అన్నారు. కిల్లారిది అంత లోతు కాదు కదా. మరి ఇది అంత కింది నుంచి ఎందుకొచ్చింది? ముందు దానికి జవాబు చెప్పండి.

ఫిజిక్స్_మాస్టారు:
40 అంటే భూపటలం అడుగు భాగం. మీ ములుగు నుంచి వరంగల్ కూడా రాదు. కోర్ మొదలయ్యేదే 2,900 కిలోమీటర్ల లోతున. ములుగు నుంచి ఢిల్లీ వెళ్లి తిరిగొచ్చేంత దూరం.

రవి_ములుగు:
లోతు ఎక్కువని మీరే ఒప్పుకున్నారు. 1975లో చైనాలో హైచెంగ్ జనాన్ని ముందే ఖాళీ చేయించారు. వాళ్లకు సాధ్యమైంది మనకెందుకు కాదు?

ఫిజిక్స్_మాస్టారు:
మరుసటి ఏడాదే అదే చైనాలో తాంగ్‌షాన్‌లో రెండు లక్షల నలభై వేల మంది పోయారు. హెచ్చరిక లేదు. హైచెంగ్‌లో జనాన్ని బయటికి తెచ్చినవి ముఖ్యంగా ముందొచ్చిన చిన్న చిన్న కంపనాలు. అవి ప్రతిసారీ రావు.

ఈ పోస్టులు ఇక ఆపు. 2025 ఏప్రిల్‌లో రామగుండంలో పెద్ద భూకంపం వస్తుందని వాట్సాప్‌లో తిప్పారు. గోదావరిఖనిలో మా చెల్లెలి కూతురు బాలింత. పదిహేను రోజుల పసిగుడ్డును పట్టుకుని మూడు రాత్రులు ఆరుబయట, దోమల్లో. పిల్లకు జ్వరం వచ్చి ఆస్పత్రి పాలైంది. ఆ మెసేజ్ రాసినవాడూ నీలాగే లెక్కలు వేసుంటాడు.

రవి_ములుగు:
మే 5న కరీంనగర్ వైపు కంపించిందిగా! మరి పుకారు ఎలా అవుతుంది?

ఫిజిక్స్_మాస్టారు:
నాలుగు కూడా లేదు అది! అలాంటివి వస్తూనే ఉంటాయి. పసిపిల్ల జ్వరం చెప్తే నీకు గెలిచానన్న సంతోషమా?

లక్ష్మి_భద్రాచలం:
ఇద్దరూ కాస్త ఆగండి. చదువుతుంటేనే టెన్షన్‌గా ఉంది.

రవి_ములుగు:
సంతోషం కాదు మాస్టారూ. మీరు ఉండేది హైదరాబాద్‌లో, పిల్లర్ల ఇంట్లో. మాది రాతి గోడ, మట్టి అడుసు. ఆ రోజు అమ్మ పొయ్యి ముందు ఉంది. దూలం కింద నుంచి గడప దాకా గోడ చీలింది. రెండుసార్లు అర్జీ పెట్టాను. ఒకాయన వచ్చి ఫొటో తీసుకుని పోయాడు, మళ్లీ రాలేదు. అమ్మ ఇవాళ్టికీ వసారాలోనే పడుకుంటుంది, వానొచ్చినా లోపలికి రాదు. చదువుకున్నవాళ్లంతా ‘ముందే చెప్పలేం’ అని చెప్పి వెళ్లిపోతారు. ఆ మాట తర్వాత మేం ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఎక్కడో ఒక దారి ఉండకపోతుందా అని వెతుకుతున్నాను.

సైట్_కిరణ్:
అన్నా, కిల్లారిలో జనం పోయింది ఇలాంటి గోడల కిందే. మట్టి అడుసు, పైన బరువైన కప్పు, తెల్లవారుజామున అందరూ నిద్రలో. చీలిక పక్కన మంచం వేయకండి. బీటకు రెండు వైపులా ఇనుప మెష్ కట్టి సిమెంటు పూయిస్తారు, మూలల్లో కూడా. కొత్తగా కట్టేటప్పుడైతే గుమ్మాల పైన ఇల్లంతా చుట్టి వచ్చేలా కాంక్రీటు బెల్ట్ వేయించాలి. ముందు తెలిసిన ఇంజినీరుకు చూపించండి, ఫొటోతో చెప్పలేం.

ఫిజిక్స్_మాస్టారు:
రవీ, ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే నేను నానోటెస్లాల గురించి మాట్లాడేవాణ్ణే కాదు. కానీ నా మాట మారదు. తేదీ చెప్పే పోస్టు ఒకటి పెడితే మీ అమ్మలాంటి వాళ్లు వందల మంది బయట పడుకుంటారు.

రవి_ములుగు:
ఏమీ చెప్పకపోయినా మా అమ్మ బయటే పడుకుంటోంది సార్.

ఫిజిక్స్_మాస్టారు:
గోడ మందం ఎంత? కప్పు పెంకులా, రేకులా?

రవి_ములుగు:
మూరెడు పైనే. పెంకులు. చెట్ల సంగతి మాత్రం మీరు ఇంకా చెప్పలేదు.

ఫిజిక్స్_మాస్టారు:
అది పెనుగాలి. పక్కన ఊళ్లలో నేల కదలలేదు. కిరణ్, వరంగల్‌లో నీకు తెలిసిన ఇంజినీరు ఎవరైనా ఉంటే రవికి నంబర్ పంపు.