అప్‌డేట్: లాయర్‌గా నెలకు 60 వేలు, చేతికి 54 వేలే. మిగతాది ఎటు పోతోంది?

గుర్తుందా, హైదరాబాద్‌లో ఒక లా ఆఫీసులో రిటైనర్ మీద (జీతం కాదు, నెలకింత ఫీజు) పనిచేస్తున్నానని, నెలనెలా 6 వేలు కోత పడుతోందని అడిగాను. 2024-25 లెక్క తేలింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"నువ్వు ఉద్యోగివి కాదు, ప్రొఫెషనల్‌వి" అని మీరన్న మాటే అసలు కీలకం. ఆ కోత ఆదాయపన్ను చట్టంలో ప్రొఫెషనల్ ఫీజులకు సంబంధించిన 194జె సెక్షన్ కింద 10 శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను. ఏడాదికి వచ్చింది 7,20,000, కోసింది 72,000. సీఏ 44ఏడీఏ సెక్షన్ (ప్రొఫెషనల్స్ వచ్చినదాంట్లో సగాన్నే ఆదాయంగా చూపించే వీలు) కింద ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం వేశారు. సగం, అంటే 3,60,000 మాత్రమే ఆదాయంగా చూపించాం. ఆ ఏడాది కొత్త పన్ను విధానంలో 3 లక్షలు దాటినదానిపై 5 శాతం లెక్కన పన్ను 3 వేలు, రిబేటుతో (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇచ్చే పన్ను తగ్గింపు) అదీ సున్నా. 72 వేలూ వెనక్కి వచ్చాయి! బ్యాంకు మెసేజ్ రెండుసార్లు చదువుకున్నాను.

మధ్యలో ఒక టెన్షన్. 26ఏఎస్‌లో (మన పేరిట కట్టిన పన్ను చూపించే స్టేట్‌మెంట్) చివరి మూడు నెలల టీడీఎస్ కనిపించలేదు. మా ఆఫీసు అకౌంట్స్ ఆయన టీడీఎస్ రిటర్న్ వేయడం మర్చిపోయారట. వెంటపడి వేయించాకే మనం ఫైల్ చేశాం. మీరూ ముందు అదే చూసుకోండి.

కొందరు చెప్పిన జీఎస్టీ గొడవ నాకు వర్తించలేదు. ఐటీఆర్-1 వేయమన్న సలహా మాత్రం తప్పు, అది జీతగాళ్లకు.

పీఎఫ్ మాత్రం లేదు, రాదు కూడా. రిఫండ్‌లో 50 వేలు పీపీఎఫ్‌లో వేశాను. మిగతాది ఇంటి అద్దె బాకీకి పోయింది.